వాళ్లు ఏమి చేశారో చెప్పండి: పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

తెలుగులో బడిపిల్లలకు పాఠాలు రాసే, కూర్చే, సరిచూసే పెద్దలందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లు తెలుగు వాచకం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కిందటి స్వాతంత్ర్య దినోత్సవానికి ఒక ఉన్నత పాఠశాలవారు వ్యాసరచన పోటీకి న్యాయనిర్ణేతగా నన్ను పిలిచారు. అంశం ‘పరమవీర చక్ర గ్రహీతలు’, అంటే యుద్ధంలో చూపిన శౌర్యానికి దేశం ఇచ్చే అత్యున్నత పతకం పొందినవారు. నలభైకి పైగా వ్యాసాలు వచ్చాయి. ఇంటికి తెచ్చుకుని ఒక సాయంత్రమంతా చదివాను. దస్తూరి ముచ్చటగా ఉంది, అక్షరదోషాలు తక్కువ. కానీ ఆఖరి కాగితం కింద పెట్టేసరికి మనసు బరువెక్కింది. అన్ని వ్యాసాల్లో కలిపి ఒక్క సైనికుడు కూడా ఫలానా పని చేశాడని లేదు. అందరూ సింహాల్లా గర్జించారు. అందరూ శత్రువుల గుండెల్లో నిద్రపోయారు. అందరూ ప్రాణాలను తృణప్రాయంగా అర్పించారు. మేజర్ సోమనాథ్ శర్మ పేరు కొట్టేసి అక్కడ కెప్టెన్ విక్రమ్ బాత్రా పేరు రాస్తే మరో అక్షరం మార్చే పని లేదు. 1947 నాటి బడ్గాం గ్రామానికీ, 1999 నాటి కార్గిల్ యుద్ధంలోని పాయింట్ 4875 శిఖరానికీ మధ్య ఉన్న అర్ధశతాబ్దం ఆ కాగితాల్లో కనిపించనే లేదు.

ఇది పిల్లల తప్పు కాదు. ఆ మాటలు మన దగ్గరే నేర్చుకున్నారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను, అలా రాసినవాళ్లకే ఎక్కువ మార్కులు వేశాను. అందుకే ఈ లేఖను ఫిర్యాదుగా చూడకండి. ఒక తోటి పనివాడి విన్నపంగా చదవండి.

పరమవీర చక్ర వెంట ఒక పత్రం కూడా ఉంటుంది. సైటేషన్ అంటారు, మనం ప్రశంసా పత్రం అనుకుందాం. గ్రహీత ఏ తేదీన, ఏ చోట, ఏ బాధ్యతలో ఉన్నాడు, అప్పుడు ఏమి జరిగింది, అతడు ఏమి చేశాడు అన్నది అందులో ఉంటుంది. పేరుకు ప్రశంసే గానీ దాని నడక చాలా నిబ్బరంగా ఉంటుంది. పొగడ్త ఒకటి రెండు మాటలకు మించదు, మిగిలినదంతా జరిగిన పని. పోటీ ముగిశాక ఆ పిల్లలను కూర్చోబెట్టి మొట్టమొదటి పరమవీర చక్ర కథను ఆ పత్రం తీరులోనే, అలంకారాలు లేకుండా చెప్పాను. మీకూ అదే చెబుతాను.

1947 నవంబర్ 3. కాశ్మీర్‌లో మన సైన్యం దిగుతున్నది శ్రీనగర్ విమానాశ్రయంలో. అది చేజారితే సాయం వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ విమానాశ్రయానికి దగ్గరలోనే బడ్గాం. అక్కడ కుమావోన్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్‌లోని ఒక కంపెనీకి, అంటే ఒక సైనిక దళానికి, మేజర్ సోమనాథ్ శర్మ నాయకుడు. హాకీ ఆడుతూ దెబ్బ తగిలి ఆయన ఎడమచేతికి పిండికట్టు ఉంది. ఆ చేతితో వెళ్లనక్కరలేదన్నా వినకుండా తన కంపెనీతోపాటు విమానం ఎక్కారు. ఆ రోజు మీదికి వచ్చిన శత్రుబలం ఏడింతలు. మూడు వైపుల నుంచి కాల్పులు, మోర్టారు గుళ్లు. జవాన్లు పడిపోతున్న కొద్దీ లైట్ మెషిన్‌గన్లకు తూటాలు అందించే చేతులు కరువయ్యాయి. అప్పుడు ఆయన చేసిన పని ఇది. పిండికట్టుతో ఉన్న మనిషి తానే కూర్చుని మ్యాగజైన్లలో, అంటే తుపాకీకి తగిలించే పెట్టెల్లో, తూటాలు నింపి, ఒక్కొక్క మెషిన్‌గన్ దగ్గరికీ తీసుకెళ్లి ఇచ్చారు. శత్రువు యాభై గజాల దూరంలోకి వచ్చేశాడనీ, ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గననీ, ఆఖరి మనిషి, ఆఖరి తూటా వరకు పోరాడతాననీ వైర్‌లెస్‌లో కబురు పంపారు. కాసేపటికి ఆయన పక్కనున్న తూటాల నిల్వ మీద మోర్టారు గుండు పడింది. ఆయన నిలబెట్టిన ఆ కొద్ది గంటల వ్యవధిలో విమానాశ్రయాన్ని కాపాడే అదనపు బలగం చేరింది.

తరగతి గది నిశ్శబ్దంగా ఉంది. రెండో వరసలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది. “ఒక్క చేత్తో మ్యాగజైన్ ఎలా నింపుతారు మాస్టారూ?” అని అడిగింది.

నాకు జవాబు తెలియదు. కానీ నా ఉద్యోగకాలంలో సోమనాథ్ శర్మ గురించి ఏ విద్యార్థీ నన్ను ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు. సింహం గర్జించిందని చెబితే పిల్లలు అడగడానికి ఏమి ఉంటుంది? సింహం గర్జిస్తుంది, అంతే. ఒక మనిషి ఒంటిచేత్తో తూటాలు నింపాడంటే మాత్రం వాళ్ల చేతులు కదులుతాయి. తాము ఆ పని చేస్తున్నట్టు ఊహించుకుంటారు. ఆ ఊహలోంచే ప్రశ్న పుడుతుంది.

వ్యాకరణం చెప్పినవాణ్ని కనుక నాకు తోచిన భాషలో చెబుతాను. మన వీరగాథల పాఠాల్లో విశేషణాలు కిక్కిరిసి ఉంటాయి, క్రియలు మాత్రం కరువు. అసమాన, అజేయ, అపూర్వ, అద్వితీయ అని నాలుగు మాటలు పేర్చి, చివర ‘పోరాడి అమరుడయ్యాడు’ అని ముగిస్తాం. పోరాడాడు అన్నది కూడా ఇక్కడ క్రియ కాదు, అరిగిపోయిన నాణెం. పాకాడు, మోశాడు, ఎక్కాడు, తవ్వాడు, నింపాడు, ఉండిపోయాడు. ఇవి క్రియలు. ఇవి లేని శౌర్యం పిల్లలకు అందదు.

మన పూర్వులకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. తెలుగునేల మీద ఊరి పొలిమేరల్లో, పాత గుళ్ల ముంగిళ్లలో వీరగల్లులు, అంటే పోరులో పడినవారి గుర్తుగా నిలిపిన రాళ్లు, కనిపిస్తాయి. చాలా రాళ్ల మీద అంతరువులుగా శిల్పం ఉంటుంది. కింది అంతరువులో వీరుడు చేసిన పోరు, దాని పైన అతణ్ని అప్సరసలు తీసుకెళ్లడం, అన్నిటికన్నా పైన శివసాన్నిధ్యం. ఆలమందలను దొంగల చేతుల్లోంచి విడిపించబోయి పడినవాడి రాయి మీద ఆవులుంటాయి. పులితో తలపడినవాడి రాయి మీద పులి ఉంటుంది. కత్తి ఏ చేతిలో ఉందో, ఎదుటివాడు గుర్రం మీద ఉన్నాడో నేల మీద ఉన్నాడో శిల్పి చెక్కాడు. మన పాఠాల్లో పై రెండు అంతరువులే మిగిలాయి. కింది అంతరువును మనమే చెరిపేశాం.

ఒక్క ఉదాహరణ మాత్రం విడమరిచి చెబుతాను, ఎందుకంటే పరమవీర చక్ర వచ్చిన ఇరవై ఒక్కమందిలో పాఠంగా నేను మొదట కోరుకునేది ఈ కథనే. సెకండ్ లెఫ్టినెంట్ రామ రాఘోబా రాణే. సైన్యంలోని ఇంజనీరింగ్ విభాగం మనిషి. 1948 ఏప్రిల్‌లో జమ్మూ ప్రాంతంలోని నౌషేరా నుంచి రాజౌరీ వైపు మన టాంకులు సాగాలి. దారి పొడవునా శత్రువు మందుపాతరలు పాతాడు, కల్వర్టులు పేల్చాడు, పెద్ద పెద్ద దేవదారు జాతి చెట్లను అడ్డంగా పడగొట్టాడు. ఏప్రిల్ 8న రాణే తన మనుషులతో పని మొదలుపెట్టబోతుండగానే మోర్టారు గుళ్లు పడ్డాయి. ఇద్దరు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఆ గాయపడినవారిలో ఆయనా ఒకరు. అయినా పని ఆపలేదు. ఆ రోజు మొదలు ఏప్రిల్ 11 వరకు కాల్పుల నడుమ మందుపాతరలు తీస్తూ, అడ్డుపడిన మానులను తొలగిస్తూ, టాంకులకు దారి చేస్తూ పోయారు. ఆఖరి రోజున పదిహేడు గంటలు పనిచేశారు. ఆ దారిలోని చింగస్ వరకు బాట తెరుచుకుంది.

ఈ కథను నెమ్మదిగా మళ్లీ చదవండి. ఇందులో ఆయన ఎవరినీ చంపలేదు. గర్జన లేదు, మీదికి దూకడం లేదు. మట్టిలో వేళ్లు పెట్టి, తొందరపడితే తనతోపాటు పక్కవాడూ పోయే పనిని, గాయంతో, నాలుగు రోజులు, ఓపిగ్గా చేశారు. దేశం తన అత్యున్నత యుద్ధ పురస్కారాన్ని ఆ ఓపికకు ఇచ్చింది. శౌర్యమంటే కోపమనుకునే పిల్లవాడికి ఈ పాఠం ఎంత మేలు చేస్తుందో ఆలోచించండి.

పైగా రాణే బతికి ఇంటికి వచ్చారు. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. 1950 జనవరి 26న ఏర్పాటైన ఈ పతకాన్ని 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా చేశారు. 1999 కార్గిల్ యుద్ధం వరకు అందుకున్నది ఇరవై ఒక్కమంది. అందులో పద్నాలుగురికి మరణానంతరం వచ్చింది. మిగిలిన ఏడుగురు సజీవులుగా అందుకున్నారు. రాణే, 1948 అక్టోబర్ 13న తిథ్వాల్ ప్రాంతంలో గాయాలతోనే నిలబడి ఒక్క రోజులో ఎనిమిది దాడులను తన జట్టుతో తిప్పికొట్టిన లాన్స్ నాయక్ కరమ్ సింగ్, మేజర్ ధన్ సింగ్ థాపా, మేజర్ హోషియార్ సింగ్, సియాచిన్‌లో ఇరవై ఒక్క వేల అడుగుల ఎత్తున మంచుగోడ ఎక్కి శత్రు స్థావరాన్ని పట్టుకున్న నాయబ్ సుబేదార్ బానా సింగ్, గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్, రైఫిల్‌మన్ సంజయ్ కుమార్. నేను చదివిన నలభై వ్యాసాల్లో ఈ ఏడుగురిలో ఇద్దరి పేర్లు వచ్చాయి. ఆ ఇద్దరినీ పిల్లలు ‘అమరవీరులు’ అనే రాశారు. పరమవీర చక్ర అంటే చనిపోయినవారికి ఇచ్చేది అన్న భావం వాళ్లలో అంతగా నాటుకుపోయింది. చావే అర్హత అని మనం పిల్లలకు పరోక్షంగా నేర్పుతున్నామా అని నాకు భయం వేసింది. పతకం ఇచ్చింది మరణానికి కాదు. ఆ మరణానికి ముందు, లేదా మరణమే రాకుండా, జరిగిన పనికి.

పతకం రూపకల్పన కథ కూడా ఈ పొరపాటుకు కొంత కారణమేమో. దాన్ని రూపొందించినది సావిత్రి ఖానోల్కర్. ఐరోపాలో పుట్టి, భారతీయ సైనికాధికారిని పెళ్లాడి, మన పురాణాలను శ్రద్ధగా చదువుకున్న మహిళ. కంచు చక్రం మీద నడుమ జాతీయ చిహ్నం, చుట్టూ నాలుగు ఇంద్ర వజ్రాయుధాలు ఉండేలా తీర్చారు. వజ్రాయుధం అనగానే మనకు వెన్నెముకను దానం చేసిన దధీచి గుర్తొస్తాడు, త్యాగమనే మాట ముందుకు వస్తుంది. ఆ మాట గొప్పదే. కానీ దధీచి ఎముక వజ్రమై ఒక పని చేసింది, లోకానికి నీళ్లు తెచ్చింది. ఆ సగాన్ని కూడా చెప్పాలి. ఇంకొక సంగతి, మొదటి పతకం అందుకున్న సోమనాథ్ శర్మ ఆవిడ కుమార్తెకు స్వయానా బావగారు. అది తెలిశాక ఆ కంచు ముక్కను నేను ముందటిలా చూడలేకపోయాను.

యోగేంద్ర యాదవ్ విషయంలో జరిగింది పిల్లలకు తప్పక చెప్పాలి. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీదికి 1999 జులై 3 రాత్రి కొండచరియకు తాళ్లు కడుతూ ఎక్కిన జట్టులో ఆయన ముందున్నారు. వయసు పంతొమ్మిది. సగం దారిలో కాల్పులకు జట్టు నాయకుడూ మరో ఇద్దరూ పడిపోయారు. గజ్జలోనూ భుజంలోనూ తూటాలు దిగిన శరీరంతో మిగిలిన అరవై అడుగులు ఎక్కి, పాక్కుంటూ బంకరు చేరి గ్రెనేడు విసిరారు. ఆ తర్వాత మరో బంకరు. పతకాన్ని మొదట మరణానంతర పురస్కారంగా ప్రకటించారు. అదే పేరున్న మరో జవాను చనిపోగా, ఈయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారని తర్వాత తెలిసింది. 1962లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున సిరిజాప్ స్థావరంలో పోరాడిన ధన్ సింగ్ థాపాను కూడా చనిపోయారనే అనుకున్నారు. యుద్ధఖైదీగా ఉండి తిరిగొచ్చారు. ఈ రెండు ఇళ్లలో ఆ కబురు చేరిన రోజు ఎలా ఉండి ఉంటుందో రాయమని పిల్లలకు అడగండి. గొప్ప వ్యాసాలు వస్తాయి.

ఇక పనిముట్ల గురించి. మన పాఠాల్లో ఆయుధం అంటే ‘తుపాకీ’, వాహనం అంటే ‘టాంకు’. అక్కడితో సరి. కానీ కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ చేసిన పని అర్థం కావాలంటే ఆయన చేతిలో ఉన్నది ఏమిటో తెలియాలి. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ ప్రాంతంలో పాకిస్థాన్ సైన్యపు పాటన్ టాంకులు వస్తున్నాయి. ఆయన దగ్గర ఉన్నది జీపు మీద బిగించిన రికాయిల్‌లెస్ గన్, అంటే పేల్చినప్పుడు వెనక్కి తన్నని ఫిరంగి. అది పేలినప్పుడు వెనక నుంచి మంట, ధూళి ఎగిసిపడతాయి. అంటే ఒక్కసారి పేల్చగానే ‘నేను ఇక్కడ ఉన్నాను’ అని శత్రువుకు చెప్పినట్టే. జీపుకు ఉక్కు కవచం లేదు. కనుక పేల్చిన వెంటనే చోటు మార్చాలి. ఆయన ఒక టాంకును కొట్టి, చోటు మార్చి, మరోదాన్ని కొట్టారు. సెప్టెంబర్ 10న శత్రువు ఆయన జీపును కనిపెట్టి మెషిన్‌గన్లనూ ఫిరంగి గుళ్లనూ దాని మీదికే తిప్పింది. అప్పుడు కూడా మరో టాంకుకు గురిపెట్టి పేలుస్తూనే ఉన్నారు. గుండు తగిలి అక్కడే మరణించారు. క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అంటే కంపెనీ సామగ్రి, సరుకుల లెక్క చూసే హోదా అని కూడా పాఠంలో ఒక వాక్యం చేర్చండి. హోదాల పేర్లు పిల్లలకు మంత్రాల్లా వినిపిస్తున్నాయి. లాన్స్ నాయక్ ఎవరు, సుబేదార్ ఎవరు అన్నది తెలిస్తే ఈ పతకం అధికారులదే కాదని, చాలా కింది హోదాల్లో ఉన్నవారిదీ అని అర్థమవుతుంది.

ఒంటరి వీరుడి బొమ్మ వేయడం కూడా తగ్గించుకోవాలి. 1962 నవంబర్ 18న లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీలో నూట ఇరవై మంది దాకా ఉన్నారు. పదహారు వేల అడుగుల పైన గడ్డకట్టే చలి. మధ్యలో కొండ అడ్డు రావడంతో మన ఫిరంగులు సాయపడలేని చోటు. ఆయన కంపెనీలోని ఒక ప్లటూను, అంటే ఒక చిన్న జట్టు, నుంచి మరో ప్లటూనుకు తిరుగుతూ జవాన్లను నడిపించారు. గాయపడ్డాక మోసుకెళ్తున్న జవాన్ల మీద కాల్పులు పెరగడం చూసి, తనను అక్కడే వదిలి వెళ్లమని ఆజ్ఞాపించారు. ఆ తర్వాత 1963లో ఆయన దేహం ఆ చోటనే దొరికింది. చుట్టుపక్కల కందకాల్లో ఆయుధాలు పట్టుకున్నవారు పట్టుకున్నట్టే గడ్డకట్టి ఉన్నారు. ఆ కంపెనీలో నూటికి పైగా జవాన్లు తిరిగి రాలేదు. షైతాన్ సింగ్ పాఠంలో ఆ మిగిలినవారికి ఒక్క పేరా అయినా చోటు ఇవ్వకపోతే ఆయనే ఒప్పుకోరని నా నమ్మకం.

శత్రువు గురించి మీరు వాడే మాటలను కూడా ఒకసారి చూసుకోండి. ముష్కరులు, పిరికిపందలు, తోక ముడిచారు. ప్రశంసా పత్రాల తీరు ఇది కాదు. ఎంతమంది వచ్చారు, ఎంత దగ్గరికి వచ్చారు అన్నదే వాటికి ముఖ్యం. ఎదుటివాడు పిరికిపంద అయితే వాణ్ని ఆపినందుకు దేశం తన అత్యున్నత పతకం ఎందుకు ఇస్తుంది? శత్రువును చిన్నబరిస్తే మన జవాను చేసిన పని కూడా చిన్నదైపోతుంది.

తుపాకీ కొసకు బిగించే బాయొనెట్ కత్తితో ముఖాముఖి పోరు జరిగిన కథలను చిన్నపిల్లలకు ఎలా చెప్పాలన్న సందేహం మీకు వస్తుంది. సరైన సందేహమే. ఆరో తరగతికి రాణే, సోమనాథ్ శర్మ చాలు. 1971లో, నేటి బంగ్లాదేశ్‌లోని గంగాసాగర్ దగ్గర బంకరు వెనక బంకరులోకి చొరబడిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా గురించీ, 1987లో శ్రీలంకలో ఛాతీలో తూటా దిగాక కూడా ఎదుటివాడి తుపాకీ లాక్కున్న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ గురించీ పదో తరగతిలో చెప్పండి. ఆ వయసు పిల్లలు యుద్ధం అంటే ఏమిటో తెలుసుకోవచ్చు. తెలుసుకోవాలి కూడా.

ఈ ఇరవై ఒక్కమందిలో తెలుగువారు లేరు. పిల్లలు ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. దీని తర్వాతి స్థాయి పతకమైన మహావీర చక్ర సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబుకు వచ్చింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించిన ఇరవై మంది సైనికుల్లో ఆయన ఒకరు. ఆయన విగ్రహం ముందు పూలమాలలు వేస్తున్నాం. కానీ పదహారో బిహార్ బెటాలియన్ అధిపతిగా ఆయన ఆ రాత్రి ఏ పని మీద ముందుకు వెళ్లారు, చేయీ చేయీ కలిసిన ఆ పోరులో గాయపడ్డాక ఏమి చేశారు అని మన పదో తరగతి పిల్లలను అడిగి చూడండి. మన సొంత మనిషి విషయంలోనూ మనం అప్సరసల అంతరువే చెక్కుతున్నాం.

నేను కోరుతున్నది కష్టమైనది కాదు. వీరుడి పాఠం రాసేటప్పుడు ప్రశంసా పత్రాన్ని ముందు పెట్టుకోండి. దాన్ని సరళమైన తెలుగులోకి తెచ్చి యథాతథంగా పాఠం మధ్యలో ఒక పెట్టెలో అచ్చు వేయండి. పక్కన చిన్న పటం ఇవ్వండి, ఆ చోటు ఎందుకు ముఖ్యమో రెండు వాక్యాల్లో చెప్పండి. పాఠం చివర ‘ఈయన గుణగణాలను వర్ణించండి’ అనే ప్రశ్నను తీసేసి, ‘ఈయన స్థానంలో ఉంటే నీ ముందున్న దారులు ఏమిటి? ఈయన ఏది ఎంచుకున్నారు?’ అని అడగండి. చిత్తుప్రతులు సరిచూడటానికి ఒక విశ్రాంత సైనికుణ్ని కూర్చోబెట్టుకోండి. అడిగితే కాదనరు. మా వీధిలో ఒకరున్నారు, విశ్రాంత హవల్దార్. ఆ అమ్మాయి ప్రశ్నను ఆయన దగ్గరికే తీసుకెళ్లాను.

ఆయన లేచి, కుర్చీ అంచు మీద కూర్చుని, లేని మ్యాగజైన్‌ను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నారు. కుడిచేత్తో లేని తూటాను తీసి బొటనవేలితో లోపలికి నొక్కి చూపించారు. “లోపల స్ప్రింగు ఉంటుంది మాస్టారూ. మొదటి పది సులువుగా పోతాయి. నిండే కొద్దీ ఎదురు తంతుంది. రెండు చేతులున్నా వేలు వాచిపోతుంది,” అన్నారు.

మరుసటి వారం బడికి వెళ్లి ఆ అమ్మాయికి అదే చూపించాను. తను జామెట్రీ పెట్టెను మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఎడమచేతిని వీపు వెనక్కి మడుచుకుని, సుద్దముక్కలు ఒక్కొక్కటే లోపలికి పెట్టింది. తరగతి అంతా ఆమె చుట్టూ చేరి ఎన్ని పట్టాయో లెక్కపెట్టింది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు